కదలకపోవడమే నా పని

నేనొక ట్రైపాడ్‌ని. కెమెరాను నెత్తిన పెట్టుకుని కదలకుండా నిలబడటం నా వృత్తి. చాందినీ చౌక్‌లో, కూచా చౌదరి కెమెరాల బజారులో, నా మూడు కాళ్లూ సాగదీసి, పైనుంచి గట్టిగా నొక్కి చూసి మరీ కొనుక్కుంది మా అమ్మాయి. విజయనగరం నుంచి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగానికి ఢిల్లీ వచ్చిన పిల్ల. నా కాపురం సరోజినీ నగర్‌లో, ఆమె క్వార్టర్ తలుపు వెనక.

1879లో హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడి పేరు పెట్టుకున్న కాలనీ ఇది. ఇక్కడి బట్టల బజారు పొద్దుపోయాక కూడా పట్టపగల్లా ఉంటుంది. మేడ మీద నన్ను నిలబెట్టి ఫోటో తీస్తే ఆకాశమంతా నారింజ రంగు. దీపాల వెలుగు దుమ్ముకీ పొగకీ తగిలి పైనంతా పరుచుకుంటుంది. బాగా మెరిసే చుక్కలు నాలుగైదు దక్కితే గొప్ప. అందుకే అమావాస్య దగ్గరపడుతోందంటే ఆమె సెలవు పెట్టి, ఈ బజారులోనే బేరమాడి కొన్న ఉన్ని కోటుతో పాటు నన్నూ సంచిలో సర్దేది.

"అంత చలిలో ఎందుకమ్మా?" అని ఫోన్లో వాళ్ల నాన్న అడిగారోసారి.

"నా జన్మనక్షత్రం మూల కదా నాన్నా! పాలపుంత నడిబొడ్డు దాని పక్కనే ఉంటుంది. ఢిల్లీలో కనపడి చావదు" అంది.

మేం వెళ్లేది లడఖ్‌లోని హాన్లేకి. లేహ్ నుంచి సింధు నది వెంట రోజంతా ప్రయాణం. సముద్రమట్టానికి నాలుగు వేల మీటర్లకు పైన, గాలి పల్చన, తేమ తక్కువ. కొండ మీద బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ వారి వేధశాల ఉంది. అక్కడి రెండు మీటర్ల చంద్ర టెలిస్కోపు 2000లో కళ్లు తెరిచింది. దాన్ని బెంగళూరు పక్కన హోస్కోటే నుంచి ఉపగ్రహం ద్వారా నడుపుతారు. 2022లో ఈ చుట్టుపక్కల 1,073 చదరపు కిలోమీటర్లను చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతంగా ప్రకటించారు.

అక్కడ నా పని మొదలయ్యే తీరు చెబుతాను. ముందు లావుపాటి కాళ్లు సాగదీస్తుంది, సన్నవి అవసరమైతేనే. నడిమి కడ్డీని పైకి లేపదు, లేపితే గాలికి వణుకుతాను. నా కొక్కేనికి రాళ్ల సంచి వేలాడదీస్తుంది. తర్వాత కెమెరా తెర మీద ఒక్క చుక్కనే పెద్దది చేసుకుని, అది సూదిమొన అయ్యేదాకా లెన్సు తిప్పుతుంది. తెల్ల లైటు వాడదు. కళ్లు చీకటికి అలవాటు పడటానికి అరగంట పడుతుంది, ఒక్క మెరుపుతో అదంతా పోతుంది. అందుకే ఎర్ర లైటు.

ఆపైన ఇరవై సెకన్లు కెమెరా కన్ను తెరుచుకుని ఉంటుంది. అంతకంటే ఎక్కువ తెరిస్తే చుక్కలు గీతలవుతాయి, ఎందుకంటే నేను కదలకపోయినా నా కాళ్ల కింది భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతోంది. ఆ గీతలే కావాలనుకున్న రాత్రి ధ్రువుడి వైపు తిప్పి, గంటల తరబడి వరసగా తీస్తుంది. చలికి బ్యాటరీలు నీరసించిపోతాయి, వాటిని చొక్కా లోపల పెట్టుకుని వెచ్చబెడుతుంది.

ఒక రాత్రి, సరిగ్గా మూల పక్కన పాలపుంత ఉబ్బెత్తుగా పొంగి కనిపించే వేళ, ఎదుటి ఇంటి కిటికీలోంచి వెలుతురు పడింది. మేం అడగకముందే ఆ ఇంటావిడ వచ్చి మందపాటి తెర లాగేసింది. ఊళ్లవాళ్లలో కొందరికి శిక్షణ ఇచ్చి, టెలిస్కోపులు కూడా ఇచ్చారట. వచ్చినవాళ్లకు శనిగ్రహపు వలయాలు చూపించి నాలుగు రూపాయలు సంపాదించుకుంటున్నారు. చీకటి వాళ్లకు పంటపొలం లాంటిది, కంచె వేసుకుని కాపాడుకుంటున్నారు.

మా తెలుగు నేలకూ ఈ విద్య కొత్త కాదు. నవాబ్ జఫర్ జంగ్ 1901లో హైదరాబాదులో పెట్టిన నిజామియా వేధశాల, తర్వాత బేగంపేటకు మారి, పలు దేశాల వేధశాలలు ఆకాశాన్ని పంచుకుని గాజు పలకల మీద ఫోటోలు తీసిన మహాకార్యంలో పాలుపంచుకుంది. ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు అక్కడే కొలిచారు. ఇవాళ బేగంపేట మేడ మీద నన్ను నిలబెడితే సరోజినీ నగర్‌లో వచ్చిన బొమ్మే వస్తుంది. 1968లో 48 అంగుళాల టెలిస్కోపు పెట్టేనాటికే ఉస్మానియా విశ్వవిద్యాలయం నగరానికి దూరంగా రంగాపూర్ దాకా వెళ్లింది.

నదిలో కలిసిన విషం తీయాలంటే ఏళ్లు పడుతుంది. ఆకాశంలో కలిసిన వెలుగు మాత్రం స్విచ్ ఆపిన క్షణంలో పోతుంది. దీపం మానేయమని కాదు నా మొర. దీపానికి పైన మూత పెట్టి, వెలుగు నేల మీదికే పడేలా చూడండి. తెల్లటి బల్బు బదులు పసుపు ఛాయది పెట్టండి, అవసరం తీరాక ఆపండి. అరకు లోయలోనూ నల్లమలలోనూ ఇంకా కొంత చీకటి మిగిలి ఉంది. అక్కడ కొత్త వీధి దీపం వేసే ప్రతి పంచాయతీ, ఆ మూత ఖర్చు కూడా అంచనాలో రాసుకోవాలి. విజయనగరంలో పుట్టిన పిల్ల తన నక్షత్రాన్ని చూసుకోవడానికి లడఖ్ దాకా పోవాల్సిన పని ఉండకూడదు.