చెత్తగుట్ట గ్యాసు మీద అప్పు పుట్టించే తిరుగులేని చిట్కాలు

డంపింగ్ యార్డు పక్కన ముక్కు మూసుకుని పోయేవాడు బాగుపడడు. అక్కడ రాత్రింబవళ్లు మీథేన్ ఊరికే గాల్లో కలిసిపోతోంది. దాని పేరు చెబితే అప్పిచ్చే బ్యాంకు ఉంది, సబ్సిడీ ఇచ్చే శాఖ ఉంది, కార్బన్ క్రెడిట్లు కొనే విదేశీ ఫండు ఉంది. కరెంటు సంగతి తర్వాత, ముందు డబ్బు బయటికి రావాలి. మీ బాగు కోరి చెబుతున్నాను, వరుస తప్పకుండా పాటించండి.

1. గుట్ట ఎక్కకండి. ఎక్కితే అనుమానాలు పుడతాయి. ఎత్తెంతో మున్సిపల్ ఆఫీసు గుమస్తాను ఫోన్లో అడగండి. వేబ్రిడ్జి కాగితాలు లేకపోతే మరీ మంచిది. లారీ ట్రిప్పుల్ని లారీ కెపాసిటీతో గుణిస్తే టన్నులు వచ్చేస్తాయి. లారీ సగమే నిండిందా, అందులో కూల్చిన ఇళ్ల శిథిలాలెన్ని అనే ప్రశ్నలు మీరై లేవనెత్తకండి. ఇటుక ముక్క కుళ్లదన్న సంగతి బ్యాంకువాళ్లకు తట్టేలోపు సంతకాలు అయిపోవాలి.

2. పంపింగ్ టెస్టు జోలికి పోకండి. గుట్టలో నాలుగు బోర్లు దింపి, కొన్ని వారాలు గ్యాసు లాగి, నిజంగా ఎంత వస్తుందో కొలవడమే ఆ టెస్టు. దానికి డబ్బు ఖర్చు, పైగా నిజం తెలిసిపోతుంది. బదులుగా అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఉచితంగా ఇచ్చే, గుట్ట గ్యాసును అంచనా వేసే ల్యాండ్‌జెమ్ ఎక్సెల్ ఫైలు దించుకోండి. టన్ను చెత్తకు 170 ఘనపు మీటర్ల మీథేన్ అన్న అంకె అందులో సిద్ధంగా ఉంటుంది. అది అక్కడి నిబంధనల కోసం పెట్టిన అంకె, మన గుట్ట కోసం కాదు. అయినా దాన్ని కదిలించకండి.

కుళ్లే వేగం దగ్గర మాత్రం కాస్త బుర్ర పెట్టాలి. మన చెత్తలో సగం దాకా అన్నం, కూరగాయల తొక్కలు, అరటాకులు. పైగా వాన, ఎండ వేడి. ఇలాంటిది చకచకా కుళ్లి, యార్డు మూసిన కొద్ది ఏళ్లకే గ్యాసు జారిపోతుంది. 15 ఏళ్ల లోను అడిగేటప్పుడు జారే గీత చూపిస్తామా? అదే ఫైల్లో వాన తక్కువ పడే పొడి ప్రాంతాలకు కుళ్లే వేగం 0.02 అన్న అంకె ఉంది. అది వేయండి. గీత 15 ఏళ్లూ పెద్దగా దిగకుండా హుందాగా సాగుతుంది.

3. మెగావాట్లు ముందు, గ్యాసు తర్వాత. ఒక మెగావాట్ ఇంజన్ తిరగాలంటే గంటకు 500 నుంచి 600 ఘనపు మీటర్ల గ్యాసు కావాలి, అందులో సగం మీథేన్ ఉండాలి. మీకు ఎన్ని మెగావాట్ల లోను కావాలో తేల్చుకుని వెనక్కి లెక్క కట్టుకుంటూ రండి. ఎంతకీ కుదరకపోతే గుట్టలో పుట్టే గ్యాసులో 75 శాతం పట్టేస్తామని రాయండి. పైన కప్పు, లోపల బావుల వరుస అన్నీ సక్రమంగా ఉన్న యార్డులకు ఈపీఏ వాడే అంకె అది. మీ గుట్ట ఆకాశానికి తెరిచి ఉన్నా అదే వేయండి. హైదరాబాద్ జవహర్‌నగర్‌లో పాత చెత్త మీద క్యాపింగ్ చేశారు కదా, మీరెందుకు చేయరని ఎవరైనా అడిగితే ‘రెండో దశలో’ అనండి. రెండో దశ ఎప్పుడని రాతపూర్వకంగా చెప్పకండి.

4. సొంత డబ్బు పెట్టకండి. ఇదే అసలు విద్య. బ్యాంకుది 70, ప్రమోటరుది 30 అన్నది ఆనవాయితీ. ఆ 30 కూడా జేబులోంచి తీసేవాడు వ్యాపారానికి పనికిరాడు. బావమరిది పేర కంపెనీ పెట్టించి ప్లాంటు కట్టే కాంట్రాక్టు ఆయనకే ఇవ్వండి. ధరను మూడో వంతు కాదు, సగానికి సగం పెంచి రాయించండి. బ్యాంకు ఇచ్చిన 70తోనే పనంతా అయిపోతుంది, మీ 30 మీ దగ్గరే భద్రంగా ఉంటుంది. పాత ఇంజన్ తెచ్చి రంగు వేయించండి. బాడీ మీద పచ్చ రంగే వేయించండి, తనిఖీకి వచ్చేవాళ్లు ఫొటో దానితోనే దిగుతారు. సర్టిఫికెట్ ఇచ్చే ఇంజనీరుకు భోజనం ఘనంగా ఉండాలి. ఇక్కడ పిసినారితనం చేసినవాళ్లెవరూ గట్టెక్కలేదు.

మారటోరియం ఎంత పొడుగ్గా దొరికితే అంత అడగండి. వాయిదా కట్టక్కర్లేని కాలాన్నే లాభాలొచ్చిన కాలంగా చూపించుకోవచ్చు.

5. కార్బన్ ఆదాయాన్ని 2008 దగ్గర ఆపేయండి. ఆ ఏడు క్యోటో ఒప్పందం కింద ఇచ్చే కార్బన్ క్రెడిట్ ధర 20 యూరోలు దాటింది. 2012 ముగిసేసరికి యూరోకంటే కింద పడింది. మీ గ్రాఫు కాగితం 2008 దగ్గరే అయిపోవాలి. పక్కన సావో పావ్లో నగరం 2007 వేలంలో తన చెత్తగుట్ట క్రెడిట్లను ఒక్కోటి 16.20 యూరోలకు అమ్మిన సంగతి పెద్దక్షరాల్లో వేయండి. ప్రపంచంలో మొట్టమొదట నమోదైన క్యోటో క్రెడిట్ల పథకం (సీడీఎం) ప్రాజెక్టు బ్రెజిల్‌లోని నోవా ఇగ్వాసు చెత్తగుట్టదేనని, 2004లోనే అయిందని కలపండి. తర్వాత వచ్చిన ఇలాంటి ప్రాజెక్టుల్లో చాలావాటికి అంచనా వేసినన్ని క్రెడిట్లు రాలేదన్నది మీ పేజీలో పట్టదు.

మీథేన్ వందేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్‌కు 28 రెట్లు, ఇరవై ఏళ్ల లెక్కన 80 రెట్లకు పైగా వేడి పట్టి ఉంచుతుంది. క్రెడిట్లకు వాడేది మొదటి అంకె. మీరు రెండోది వాడండి. ఎవరైనా పట్టుకుంటే టైపింగ్ పొరపాటు.

కొనేవాళ్లు అడ్వాన్సు ఇస్తారు. ముంబై గోరాయ్ గుట్టను మూసినప్పుడు క్రెడిట్ల మీద ఆసియా అభివృద్ధి బ్యాంకు (ఏడీబీ) కార్బన్ ఫండు ముందుగానే డబ్బిచ్చింది. అడ్వాన్సు అందగానే భూమి కొనండి. వేరే ఊళ్లో.

6. పెద్ద కాగితాలు చదవకండి. తడి, పొడి చెత్త ఇంటి దగ్గరే వేరు చేయాలని 2016 నిబంధనలే చెప్పాయి. తడి చెత్త కంపోస్టుకు పోతే మీకు గ్యాసే లేదు. 2021 అక్టోబరులో మొదలైన స్వచ్ఛ భారత్ పట్టణ మిషన్ రెండో దశ పాత గుట్టల్ని తవ్వి, జల్లెడ పట్టి, నేల ఖాళీ చేయమంది. అంటే మీరు 15 ఏళ్లకు తాకట్టు పెట్టిన గుట్ట మూడో ఏడు అక్కడ ఉండకపోవచ్చు. ఆ బయోమైనింగ్ టెండరు ప్రకటన వచ్చిన రోజు పేపరు ఆఫీసుకు రానివ్వకండి.

7. నడిపేటప్పుడు బద్ధకమే పెట్టుబడి. గ్యాసులో హైడ్రోజన్ సల్ఫైడ్, షాంపూలు సబ్బుల నుంచి వచ్చే సిలోక్సేన్లు ఉంటాయి. మొదటిది లోహాన్ని తింటుంది, రెండోవి సిలిండర్లో ఇసుకలా పేరుకుంటాయి. ఫిల్టర్ కొనకండి, ఇంజన్ పాతదే కదా. బావుల్లో మురుగు నీరు నిండితే తోడించకండి, ఎండాకాలం వస్తుంది. మీటర్ కాలిబ్రేషన్‌కు డబ్బు తగలేయకండి. లెక్క లేని గ్యాసుకు క్రెడిట్ ఇవ్వరంటారు, ఇవ్వకపోతే మానె.

గ్యాసు తక్కువొస్తే బ్లోయర్ స్పీడు పెంచండి. అప్పుడు బయటి గాలిని కూడా గుట్టలోకి లాక్కొస్తుంది, మీటరు ముల్లు నిక్కుతుంది. ఆ గాలి తగిలి లోపల చెత్త వేడెక్కి అంటుకుంటే కంగారు పడకండి. పొగ వస్తోందంటే ప్లాంటు నడుస్తున్నట్టే ఊరికి కనిపిస్తుంది.

8. సాకులు నెలవారీగా రాసి గోడకు అంటించండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన. అక్టోబరులో పండగ సెలవులు, కూలీలు రారు. నవంబరులో స్పేర్ పార్టు ఓడలో ఉంది. డిసెంబరులో కొత్త కమిషనర్ వచ్చారు, ఫైలు మళ్లీ మొదటినుంచి. జనవరి, ఫిబ్రవరిలో కరెంటు కొనే డిస్కం బకాయి పెట్టింది. ఇది నిజమే కావచ్చు, అలాంటప్పుడు మరీ గట్టిగా చెప్పండి. మార్చిలో పాత కాంట్రాక్టరు పైపులు తప్పు వేశాడు. ఏప్రిల్, మే ఎండలు. ఏ సాకూ మిగలకపోతే చెత్త ఏరుకునేవాళ్లు పైపులు పీకారని చెప్పండి. వాళ్ల మాట ఎవరూ అడగరు.

9. లోను మొండి బకాయిగా తేలి ఎన్‌పీఏ అయిన రోజు బెంగపడకండి. పునర్వ్యవస్థీకరణకు అర్జీ పెట్టండి, మళ్లీ మారటోరియం దొరుకుతుంది. అది కూడా అయిపోతే గుట్టనూ, పొగనూ, ఇంజన్‌నూ మున్సిపాలిటీకి అప్పగించి తాళంచెవులు కొరియర్లో పంపేయండి.

ఆ తర్వాత ఇంకో ఊరు, ఇంకో గుట్ట, కొత్త పేరుతో కంపెనీ. ప్రాజెక్టు నివేదిక (డీపీఆర్) పాతదే పనికొస్తుంది, ఊరి పేరు మారిస్తే చాలు. అన్ని పేజీల్లోనూ మార్చండి. మధ్యలో ఎక్కడో పాత ఊరి పేరు మిగిలిపోతే లోను ఆగిపోతుంది, అంతకంటే ఈ పనిలో ప్రమాదమేమీ లేదు.