బొచ్చుపిల్లి బీమా పద్యం: సటీకా తాత్పర్యం

మూలం (ఆటవెలది)

బొచ్చుపిల్లి తెచ్చి పోషింపఁ దలచిన
నిత్యమొక్కపూట నెమ్మి దువ్వి
కళ్లనీరు తుడిచి కాగితమ్ములు చూచి
బీమ కట్టవలయు పిల్లికైన

అవతారిక

విజయవాడ నుంచి ఏలూరు పోయే జాతీయ రహదారిని నూజివీడు–గుడివాడ రోడ్డు దాటే కూడలి హనుమాన్ జంక్షన్. నూజివీడు అని బోర్డున్న రైల్వే స్టేషను నూజివీడులో కాక ఇక్కడే ఉంది. పేరొక చోట, సరుకొక చోట ఉండవచ్చునని ఎరిగిన జనం గనుక, పాలసీ పైన అచ్చయిన మాటనూ లోపలి షరతునూ విడివిడిగా చదవగలరని కవి నమ్మకం. కవి పేరు తెలియదు. మామిడికాయల లారీ కాటా చీటీ కోసం నిలబడి చెప్పాడని పెద్దలంటారు. చీటీ మీద అంత గురి ఉన్నవాడు మరెక్కడ నిలబడతాడు?

ప్రతిపదార్థం

బొచ్చుపిల్లి = పొడవైన వెంట్రుకలు గల జాతిపిల్లిని (పర్షియన్ అని గ్రహించునది); తెచ్చి = ఇంటికి తీసుకొనివచ్చి (కానుకగా వచ్చిననూ ఇదే అర్థము); పోషింపఁ దలచిన = పెంచదలచినచో; నిత్యము = ప్రతిదినము, అనగా ఆదివారము కూడా; ఒక్కపూట = కనీసము ఒక పూట; నెమ్మి = ప్రేమతో; దువ్వి = చిక్కు తీసి; కళ్లనీరు = కంటికొసల కారు నీటిని (దుఃఖబాష్పము కాదు); తుడిచి = తడిగుడ్డతో ఒత్తి; కాగితమ్ములు = టీకాల కార్డు, డాక్టరు చీటీలు, పాలసీ షరతులు అనువానిని; చూచి = చివరి పేజీ వరకు చదివి; పిల్లికైన = పిల్లికి సైతము; బీమ = బీమాను; కట్టవలయు = చెల్లింపవలెను.

తాత్పర్యం

జాతిపిల్లిని పెంచదలచినవాడు రోజూ దువ్వి, కళ్లు తుడిచి, షరతులు చదివి, ఆ పిమ్మట బీమా చేయించవలెనని భావము. దువ్వడం ముందు, బీమా చివర అన్న ఈ వరుసలోనే పద్యం ప్రాణమున్నది.

విశేషాలు

“దువ్వి”: పర్షియన్‌కు పైబొచ్చు కింద మెత్తని లోబొచ్చు ఉంటుంది. రెండూ పెనవేసుకుంటే చర్మాన్ని లాగే ఉండలు కడతాయి. పిల్లి తన్ను తాను నాకి మింగిన వెంట్రుకలు కడుపులో చుట్ట చుట్టుకొని, ఒకనాడు మీ దుప్పటి మీద బయటపడతాయి. ఈ ఖర్చు ఏ కంపెనీ ఇవ్వదు. రోహిణీ కార్తె వేడికి బొచ్చంతా గొరిగించమని గుడివాడ రోడ్డు వ్యాఖ్యాతల మతం. అది పూర్వపక్షం. చిక్కులు తీయాలి, నీడ, నీళ్లు, ఫ్యాను ఉండాలి, కరెంటు పోతే ఏంచేయాలో ముందే అనుకోవాలి. గొరగాలో వద్దో డాక్టరు చెప్పాలి. ఇది సిద్ధాంతం.

“కళ్లనీరు”: ముఖం చదునుగా ఉండాలని తరతరాలుగా ఎంచి పెంచినందున ముక్కు కురచైంది, కన్నీటి కాలువ వంకర తిరిగింది. నీరు లోపలికి దిగక చెంపల మీద మరక కడుతుంది. ఊపిరికీ ఇదే అవస్థ, అందువల్ల ఎండదెబ్బ త్వరగా తగులుతుంది. పిల్లి నోరు తెరిచి రొప్పుతుంటే వ్యాఖ్యానం ఆపి ఆటో పిలవాలి. రహదారి వెంట గన్నవరంలో 1998లో పెట్టిన ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉన్నది. జ్వరమని ఇంట్లో ఉన్న పారాసెటమాల్ మాత్ర మాత్రం ముక్కయినా వేయరాదు. పిల్లికి అది విషం.

కవి చెప్పక విడిచినది: ఆహారం. చిన్నరసాల దేశంలో పిల్లికి రసం పెట్టాలా అని నూజివీడు రోడ్డువారి సందేహం. పిల్లి జాతికి తీపిని గుర్తించే జన్యువు పనిచేయదని 2005లో శాస్త్రజ్ఞులు తేల్చారు. రసమైనా, బంగినపల్లి అయినా దానికి ఒకటే. పెరుగన్నంతో సరిపెట్టడమూ కుదరదు. టారిన్ అనే పోషకం పిల్లికి మాంసాహారం నుంచే అందాలి. అది లేకుంటే చూపు, గుండె దెబ్బతింటాయి.

“కాగితమ్ములు”: గేదెల బీమా ఎరిగినవారికి ఇది కొత్త కాదు. చెవికి ట్యాగు లేనిదే క్లెయిము లేదు. పిల్లికి చెవి కుట్టరు. మెడ దగ్గర చర్మం కింద బియ్యపు గింజంత మైక్రోచిప్ పెడతారు, దానికి పదిహేనంకెల నంబరు. అది లేకుంటే తెల్ల పిల్లులన్నీ ఫొటోలో ఒకే పిల్లి. టీకాల తేదీ తప్పితే, ఏ టీకా తప్పిందో ఆ రోగానికి సాధారణంగా పరిహారం అందదు. పాలసీ తీసుకున్న తొలినాళ్లలో వచ్చిన జబ్బుకూ, అంతకుముందే ఉన్న జబ్బుకూ అంతే.

ఇక గూఢార్థం. పర్షియన్లలో మూత్రపిండాల నిండా నీటితిత్తులు పెరిగే వంశపారంపర్య రోగం ఉన్నది. దాని జన్యులోపాన్ని 2004లో కనుగొన్నారు. తల్లిదండ్రుల్లో ఒకరికున్నా కూనల్లో సగానికి రావచ్చు. కొనేముందే జన్యుపరీక్ష కాగితం అడగవచ్చు. ఏ వంశం చూపి అమ్మకందారు ధర పెంచాడో, ఆ వంశాన్నే చూపి చాలా పాలసీలు ఈ రోగాన్ని మినహాయిస్తాయి. వంశవృక్షం కొనేటప్పుడు ఆస్తి, క్లెయిమప్పుడు దోషం. “చూచి” అన్న క్రియను కవి “కట్టవలయు”కు ముందు వేసింది ఇందుకే.

“పిల్లికైన”: పాలివ్వని, అరక దున్నని జీవానికి బీమా ఏమిటని హైవే వ్యాఖ్యాతల ఆక్షేపణ. గేదె పోతే మిగిలే అప్పు తీర్చడానికి గేదె బీమా. పిల్లి బీమా ముఖ్యంగా అది బతికేందుకయ్యే ఆపరేషను, ఆసుపత్రి ఖర్చుకు. మన దేశంలో బజాజ్ అలయన్జ్ 2020లో కుక్కల బీమా తెచ్చి, తర్వాత పిల్లులకూ ఇచ్చింది. అమెరికాలో 1982లోనే లాసీ అనే సినిమా కుక్క పాలసీదారు అయింది. మన పిల్లి ఆలస్యంగా వచ్చింది, అంతే.

“బీమ”: బీమాలో దీర్ఘం ఛందస్సు కోసం పోయినది. ప్రీమియంలో తగ్గింపుగా దీనిని భావింపరాదు.

అలంకారం

స్వభావోక్తి. ఇందులో అతిశయోక్తి ఉన్నదనువారు ఇంకా పిల్లిని కొనలేదని తెలియవలెను.

ఫలశ్రుతి

ఈ పద్యం చదివినవారికి మినహాయింపుల పేజీ ముందు తిప్పు బుద్ధి, విన్నవారికి దువ్వు ఓపిక, టీకా రాసినవారికి వెంట్రుకలు లేని చొక్కా కలుగును. మూడవది మాత్రం ఇంతవరకు ఫలించినట్లు దాఖలా లేదు.