బొరియ గోడు

నేను బొరియను. కుసుమంచిలో కాకతీయుల నాటి శివాలయాలు దాటి పాలేరు వైపు వెళ్తే, చెలక గట్టున ఓ పాత చెదపుట్ట ఉంటుంది. దాని మొదట్లో, పొదచాటున నా నోరు.

నన్ను తవ్వింది అలుగు. ముందుకాళ్ల గోళ్లతో పుట్ట చీల్చి, జిగురు నాలుకతో చెదల్ని నాకి, మట్టి వెనక్కి తోసుకుంటూ నన్ను లోతు చేసింది. దానికి పళ్లే లేవు. పగలంతా లోపలి నుంచి మట్టితో నా నోరు మూసుకుని నిద్రపోయేది. ఒక్కగానొక్క పిల్లను తోక మొదట్లో ఎక్కించుకుని తిరిగేది. మనిషి గోరు ఏ పదార్థమో దాని పొలుసూ అదే. ఆ పొలుసు కోసం దాన్ని చంపుతారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో పులితో పాటు దాని పేరూ ఉంది. ఒక రాత్రి మేతకు వెళ్లింది, మళ్లీ రాలేదు.

తర్వాత ఏదుపందుల జంట వచ్చింది. నన్ను వెడల్పు చేసి, లోపల గది తీసి, ఇంకో దారి పెట్టుకున్నాయి. ఎండ 45 డిగ్రీలు దాటి బండలు మాడే రోజుల్లో కూడా వాటి పిల్లలు నాలో చల్లగా పడుకునేవి. తల్లీ తండ్రీ ఇద్దరూ సాకేవాళ్లు. నా వాకిట్లో పశువుల ఎముకలు పోగుపడ్డాయి. అది చూసి, లోపల ఏదో క్రూరమృగం ఉందని జనం బెదిరారు. ఏదుపంది తినేది దుంపలు, వేర్లు, బెరడు. ఎముక కొరికేది ఒంటికి సున్నం కోసం, పెరిగే పళ్లు అరగడం కోసం.

పల్లికాయ తవ్వి తింటున్నాయని రైతుకు కోపం రావడం నాకు తెలుసు. నష్టం నిజమే. కానీ ఒక రోజు వాళ్లు వచ్చి చేసింది పంటకు కాపలా కాదు. వెనక దారిలో రాళ్లు కూరారు. ముందు పిడకలు అంటించి, పైన ఎండుమిరపకాయలు పోశారు. మగది ముళ్లు నిక్కబొడిచి, తోక గలగలలాడిస్తూ పొగలోకే ఎదురెళ్లింది. బయట కర్రలు సిద్ధంగా ఉన్నాయి. ఆడది పిల్లల్ని గది మూలకు నెట్టి, మీద కప్పుకుని పడుకుంది. ఆ మూల మట్టికి ఇప్పటికీ మసి ఉంది. పోతూ పోతూ నా నోటికి కూడా ఓ బండ అడ్డం పెట్టారు.

చాలా పాములు తమకు తాము బొరియ తవ్వుకోలేవు. నక్క తవ్వగలదు, అయినా ఈనే కాలంలో ఏదుపంది వదిలిన చోటు దొరికితే అందులోనే చేరుతుంది. మొన్న నిండుచూలుతో ఉన్న ఒక నక్క బండ చుట్టూ వాసన చూసి, గోకి గోకి పోయింది. లోపలి గది ఇంకా కూలలేదు. ఆ బండ పక్కకు దొర్లించండి, వానలు పడకముందే.