తోడల్లుడి తొడనొప్పి

మా తోడల్లుడు పరుగు మొదలుపెట్టి ఆరు వారాలైంది. అందులో పరిగెత్తింది పదిహేడు రోజులు. దాని గురించి చెప్పింది మాత్రం నలభై రెండు రోజులూ.

ఇలాంటివాళ్లు ఇప్పుడు అపార్టుమెంటుకొకరు. నలభై దాటాక డాక్టరు షుగరు రిపోర్టు చూసి, కాస్త నడవమంటాడు. నడక మరీ నామోషీ అనుకుని వీళ్లు పరుగుకి దిగుతారు. ముందు బూట్లు, తరవాత గుండె దడ లెక్కపెట్టే వాచీ, ఆపైన ఫోనులో తొమ్మిది వారాల ప్రణాళిక. మొదటి వారం నిమిషం పరుగు, నిమిషన్నర నడక చాలంటుందది. మావాడికి ఒళ్లు మండింది. "నిమిషం పరిగెత్తడానికా అన్నయ్యా, ఎనిమిది వేలు పోసి బూట్లు కొన్నది?"

మొదటిరోజే పెదవాల్తేరు దిగుడులో పడి, ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ దాకా ఏకబిగిన లాగించేశాడు. పొద్దున్నే అక్కడ బళ్లు రానివ్వరు. వస్తే ఏ ఆటోనో అడ్డుపడి ఆపేది. సాయంత్రం ఫోనుచేసి, "ఒళ్లు పువ్వులా ఉంది" అన్నాడు.

రెండు రోజులకి అనకాపల్లిలో అత్తగారింట్లో ఉన్నాం. పాతకాలపు ఇల్లు, దొడ్లో పాతకాలపు మరుగుదొడ్డి. మావాడు లోపలికెళ్లి ఇరవై నిమిషాలైంది. తలుపు కొట్టాను.

"కూర్చున్నాను అన్నయ్యా..."

"మరి లే!"

"అదే... "

"పోనీ గడియ తియ్యి."

"గడియ పైనుంది. లేచాకే."

మామగారి చేతికర్ర తలుపు మీది సందులోంచి దించాం. ఆనాటి నుంచి మూడు రోజులు మెట్లు వెనక్కి తిరిగి దిగాడు. ఎక్కుతున్నాడనుకుని పాలబ్బాయి కింద నిలబడి చాలాసేపు దారిచ్చాడట.

"అంతా ల్యాక్టిక్ ఆసిడ్" అని అందరికీ పాఠం చెప్పాడు. పాపం, దానికి లేనిపోని నింద. పరుగాపిన గంట గంటన్నరకే అది సర్దుకుపోతుంది. అసలు దోషి ఆ పెదవాల్తేరు దిగుడు. పల్లంలో దిగేటప్పుడు తొడ కండ ఓపక్క సాగుతూనే ఒంటి బరువుని ఆపాలి. అలవాటు లేని కండలో సన్నసన్న పోగులు చిట్లుతాయి. అప్పుడేం తెలీదు, రెండో రోజుకి పట్టేస్తుంది. కండ అలవాటుపడ్డాక అదే దిగుడు అంత బాధించదు. ఈ సంగతి ఓదార్పుగానే చెప్పాను. వాడి మొహం ఎందుకో వాడిపోయింది.

ఎందుకో నాకు ఆలస్యంగా వెలిగింది. నొప్పి ఉన్నన్నాళ్లూ మావాడి వైభోగమే వేరు. అత్తగారు అమృతాంజనం సీసాతో వెంటే ఉన్నారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో దాన్ని మొదలుపెట్టినప్పటి నుంచీ జనం తలకే ఎక్కువ రాసుకుంటున్నారు. మా అత్తగారికి తలకీ తొడకీ తేడా లేదు. ఈ అల్లుడి విషయంలో అసలే లేదు. ఆఫీసులో కుంటుతూ వెళ్తే "ఏమైంది సార్?" అని అడగనివాడు పాపాత్ముడు. కురుసుర దగ్గర ఆగిన పరుగు, మూడో అంతస్తు చేరేసరికి దిక్కు మార్చుకుని రుషికొండ దాటింది.

నాలుగో వారానికి నొప్పులు పోయాయి. అడిగేవాళ్లూ పోయారు. "కాళ్లు ఏమీ అనట్లేదన్నయ్యా, సరిగ్గా పరిగెత్తట్లేదేమో" అని దిగులు. ఓరోజు మబ్బు పట్టిందని మానేశాడు, ఓరోజు పట్టలేదని. నాలుగున్నరకి అలారం మోగితే మరదలే లేచి ఆపుతోంది. "బావగారూ, ఈయన పరుగుకి నిద్రపాడు నాకు" అని నా దగ్గర మొర.

మొన్న ఆదివారం మా ఇంటికొచ్చాడు. సోఫాలో కూర్చోగానే సాక్సు ఊడదీశాడు. బొటనవేలి గోరు నేరేడుపండు రంగులో ఉంది.

"బూటు ఇరుకయ్యింది, దిగుడులో వేలు ముందుకి కొట్టుకుంటోంది. ఒక సైజు పెద్దది కొనుక్కో" అన్నాను.

"ఇది మారథాన్ వాళ్లకొస్తుందట అన్నయ్యా" అన్నాడు. మా ఆవిడ కాఫీ పట్టుకొస్తుంటే, కాలు కాస్త అటు తిప్పాడు.