ఉగాది శూరులు

ఉగాది నాడు ఏం చేస్తే ఏడాదంతా అదే చేస్తామని మా అవ్వ చెప్పేది. అందుకే ఆ పొద్దు పిల్లోళ్లను కొట్టేది కాదు, అప్పు మాట ఎత్తేది కాదు. కర్నూల్లో మా వీధి అన్నకు ఈ సంగతి బాగా తెలుసు. ప్రతి ఉగాదికీ తలంటు పోసుకొని, పచ్చడి తిని, సిగరెట్టు మానేస్తానని ఒట్టేస్తాడు. వేపపువ్వు చేదు నాలిక మీదున్నంతసేపూ ఒట్టు గట్టిగానే ఉంటుంది. సాయంత్రం గుడికాడ పంచాంగం వింటాడు: ఆదాయం 2, వ్యయం 14. "ఖర్చు రాసిపెట్టి ఉంటే తప్పించనీకి మనమెవరమప్పా?" అని అటు నుంచి అటే బంకు కాడికి నడుస్తాడు.

వారానికి మళ్లీ దొరికినాడు.

"ఏమన్నా, మానేస్తానంటివే?"

"మానేస్తినప్పా. కొనేది మానేస్తి. ఏదీ, ఒకటియ్యి."

నిరుడు పొద్దున్నే నడుస్తానని ఇంకో ఒట్టు. బండి మీద టీ అంగడికి పోయి, అంగడి చుట్టూ నడిచినాడు. అదే ఉగాదికి కన్నడ భక్తులు మన ఆదోని, ఎమ్మిగనూరు, ఆత్మకూరు మీదుగా నల్లమల దాటి, కాళ్లు బొబ్బలెక్కినా శ్రీశైలం చేరతారు. వాళ్లకు భ్రమరాంబ పుట్టింటి ఆడపడుచు. కడప దేవుని గడపలో ముస్లింలు ఉగాది నాడు టెంకాయ కొట్టి పోతారు. బీబీ నాంచారి వాళ్లింటి బిడ్డ, వెంకన్న అల్లుడు. బిడ్డను చూడనీకి పోయేవాళ్లకు ఒట్లతో ఏం పని?

అయినా మా అన్నొక్కణ్ణే అని ఏం లాభం? కడప ఉక్కు ఫ్యాక్టరీకి 2007లో ఒక రాయి, 2018లో ఒకటి, 2019లో ఒకటి, 2023లో మరొకటి. ఉక్కు సంగతేమో గానీ, శంకుస్థాపనల్లో మన పెద్దోళ్ల చెయ్యి బాగా తిరిగింది. కొట్టిన టెంకాయలు ఏరుకొని ఉంటే జిల్లాకంతా చట్నీ అయ్యేది.

మొదలుపెట్టింది ముగించేది చూడాలంటే ఆస్పరి మండలం కైరుప్పలకు పోవాల. ఉగాది మరుసటి రోజు వీరభద్రుడి వైపు కొందరు, కాళమ్మ వైపు కొందరు చేరి పిడకలతో కొట్టుకుంటారు. దుమ్ము లేచిపోతుంది, తలలు పగుల్తాయి. విభూతి పూసుకొని, దేవుళ్లిద్దరికీ పెండ్లి చేసి ఇండ్లకు పోతారు. కొట్లాటకైనా ఒక ముగింపు ఉంది.

మా అవ్వ మాట మాత్రం పొల్లుపోలేదు. మా అన్న ఉగాది నాడు ఒట్టేసినాడు కదా, ఏడాదంతా అదే పని. అమావాస్యకొకటి, సంక్రాంతికొకటి, శివరాత్రికొకటి. సిగరెట్టు ఎప్పటికైనా మానతాడేమో గానీ, ఒట్టేసేది మానడం మాత్రం ఆయన తరం కాదు.