లస్కరు చొక్కా

పటమటలో బందరు రోడ్డు మీద ఏ టీ కొట్టు దగ్గర ఆగినా ఈమధ్య ఒక మేధావి తగులుతున్నారు. "కంప్యూటర్‌లో లైనక్స్ పెట్టించానండీ! పైసా ఖర్చు లేదు, దాని పని అదే చూసుకుంటుంది" అంటారు. చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. ఆటోనగర్ పక్కన కాపురముంటూ, రోజూ లారీల కింద దూరి గ్రీజు కొట్టే కుర్రాళ్లను చూస్తూ, దాని పని అదే చూసుకునే యంత్రం ఉందని నమ్మడానికి మామూలు గుండె చాలదు.

అయినా మనం డెల్టా వాళ్లం. ప్రకాశం బ్యారేజీ దగ్గర నీళ్లు వదిలితే పొలం తడుస్తుంది, అంతే తెలుసు. నడుమ లస్కరు అనేవాడు తూము సరిచేశాడా, గుర్రపుడెక్క లాగాడా అన్నది మనకెందుకు? నీళ్లు రానినాడు మాత్రం ఆయన ఇంటిపేరుతో సహా గుర్తొస్తాడు.

లైనక్స్ వాళ్లు కూడా ఎగువ, దిగువ అనే మాట్లాడుకుంటారు. ఎగువన ఎవరో ప్రోగ్రాం రాస్తారు. దాన్ని తెచ్చి, మిగతావాటితో పొసగేలా ప్యాచ్ వేసి, ఫిర్యాదులకు బదులిచ్చి దిగువకు వదిలేవాడు మెయింటెయినర్. 1993లో పుట్టిన డెబియన్ అనే లైనక్స్ రకం ఇలాంటి లస్కర్ల మీదే నడుస్తోంది. స్టేబుల్ వెర్షన్‌లో చిల్లు పడితే కొత్త హంగులేవీ చొరబడకుండా, ఆ చిల్లు పూడ్చే నాలుగు లైన్లే పాత కోడ్‌లో అతకాలి. ఇంత చేసినా చాలామందికి జీతం ఉండదు.

మా సందులో డెబియన్ వాడే డీటీపీ కొట్టాయన ఐదేళ్లుగా అప్‌డేట్ జోలికి పోలేదు. "బాగానే ఉందిగా, కదపడం దేనికి?" అనేవాడు. మొన్న శుభలేఖ ఫైలు తెరిస్తే వధువు లక్ష్మి పేరులో వత్తులు ఊడి మూడు ముక్కలైంది. "ఫ్రీది కదండీ, ఇలాగే ఏడుస్తుంది!" అన్నాడు. తిరుమల కృష్ణదేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లు తయారుచేసి ఇస్తే, వాటిని డెబియన్ ప్యాకేజీగా కట్టి మోస్తున్నవాళ్లు వేరే ఉన్నారని కొట్టాయనకు తెలియదు. బగ్ రాసి పంపమంటే "మనకెందుకులెండి" అన్నాడు. తిట్టడానికి ఉన్న తీరిక రాయడానికి ఉండదు.

ఈ తిట్ల ఖరీదు 2024 మార్చిలో తెలిసింది. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్‌ను ఏళ్లుగా దాదాపు ఒంటిచేత్తో మోస్తున్న మనిషిని, పని నత్తనడక నడుస్తోందని ముక్కూమొహం తెలియనివాళ్లు సతాయించారు. సాయానికంటూ అప్పటికే చేరిన ఒకడు అదను చూసుకున్నాడు. రెండేళ్లకు పైగా బుద్ధిమంతుడిలా పనిచేసి, తాళాలు చేతికొచ్చాక దొడ్డిదారి తవ్వాడు. గట్టు తెంచేవాడు లస్కరు చొక్కా తొడుక్కుని వచ్చాడన్నమాట. లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు కెలికాడు కాబట్టి, డెబియన్ స్టేబుల్‌ దాకా రాకముందే గుట్టు బయటపడింది. అర సెకను కోసం అంత తవ్వేవాణ్ణి మన టీ కొట్టు దగ్గర చూసుంటే "పనీపాటా లేదు పాపం" అనుకునేవాళ్లం.

చూసుకునే దిక్కులేని ప్యాకేజీలను డెబియన్ వాళ్లు అనాథలనే పిలుస్తారు. ఆ జాబితా బహిరంగమే, ఎవరైనా దత్తత తీసుకోవచ్చు. నిన్న సాయంత్రం మన మేధావి గారికి ఇదంతా చెప్పి, "గురువు గారూ, మీరు రోజూ వాడేదే, ఒకటి తీసుకోకూడదూ?" అన్నాను.

ఆయన టీ గ్లాసు కింద పెట్టి, గొంతు తగ్గించి అడిగారు:

"నెలకెంతిస్తారు?"