పదహారు ఛానెళ్ల బాబాయి

పెళ్లిలో తలంబ్రాలు పోసుకుంటుంటే అందరి కళ్లూ మండపం మీదే ఉంటాయి. ఒక్కాయన మాత్రం మండపం వెనక్కి వెళ్లి, లైటింగు కుర్రాడి పక్కన గొంతుక్కూర్చుని, "ఇది ఎన్ని ఛానెళ్లయ్యా? డీఎంఎక్సా?" అని ఆరా తీస్తుంటాడు. ఫొటోల్లో ఎక్కడా కనిపించడు. వీడియోలో ఒకచోట వీపు కనిపిస్తుంది. ఇలాంటి మనిషి మీ చుట్టాల్లోనూ ఉండే ఉంటాడు. మా చుట్టాల్లో ఆ పదవి మా బాబాయిది.

బాబాయి ఒక ప్రభుత్వ శాఖలో స్టోర్స్ సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యాడు. మూడు కొటేషన్లు లేనిదే గుండుసూదుల డబ్బా కూడా కొననివ్వని సెక్షను అది. ఆ మూడింటినీ పక్కపక్క గళ్లలో ఎక్కించి కంపారిటివ్ స్టేట్‌మెంటు తయారుచెయ్యడంలో ఆయనకి సాటి లేరని ఆఫీసులో పేరు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఆ స్టేట్‌మెంటు పైకి వెళ్లేది, పైన ఎవరో ఒకాయన సంతకం పెట్టేవాడు, సరుకు వచ్చేది. రిటైరయ్యాక స్టేట్‌మెంటు రాసే చెయ్యి మిగిలింది గానీ సంతకం పెట్టే పై అధికారి మిగల్లేదు. బాబాయి కష్టాలన్నిటికీ మూలం ఇదేనని నా గట్టి నమ్మకం.

ఆ కష్టాల పేరు గజేంద్ర మోక్షం. పిన్ని ఏటా దసరాకి బొమ్మల కొలువు పెడుతుంది. ఒక ఏడాది పేరంటానికి వచ్చినావిడెవరో "ఎప్పుడూ ఇవే బొమ్మలా వదినా?" అందట. పిన్ని నవ్వి ఊరుకుంది. లోపలి గదిలో పేపరు చదువుకుంటున్న బాబాయి ఊరుకోలేదు. మర్నాటికల్లా ప్లాను సిద్ధం. కొలువు ముందు మడుగు, అందులో తొండం ఎత్తి మొరపెట్టుకునే ఏనుగు, నోరు తెరిచి మూసే మొసలి, పైనుంచి రెక్కలాడిస్తూ దిగే గరుత్మంతుడు, ఆయన మీద విష్ణుమూర్తి, విష్ణుమూర్తి వేలి మీద రంగులు మారుతూ తిరిగే దీపాల చక్రం.

"డిస్నీవాళ్లు 1963లోనే బొమ్మ పక్షుల చేత పాటలు పాడించార్రా. 1964లో న్యూయార్కు ఎగ్జిబిషన్‌లో అబ్రహాం లింకన్ బొమ్మ కుర్చీలోంచి లేచి ఉపన్యాసం ఇచ్చింది. ఇన్నేళ్ల తర్వాత మనం ఓ మొసలి చేత నోరు తెరిపించలేమా?" అన్నాడు.

తెరిపించగలం. దానికి కావలసింది ఒక సర్వో. అగ్గిపెట్టె కంటే చిన్న ప్లాస్టిక్ డబ్బా. లోపల బుల్లి మోటారు, పళ్లచక్రాలు, ఎంతవరకు తిరిగిందో కనిపెట్టే పొటెన్షియోమీటరు. దానికి సెకనుకి 50 సార్లు ఒక పల్సు పంపాలి. పల్సు పొడవు ఒక మిల్లీసెకను అయితే ఒక కొసకి, రెండయితే రెండో కొసకి, ఒకటిన్నర అయితే మధ్యకి వచ్చి నిలబడుతుంది. ఎస్‌జీ90 అనే రకం తొమ్మిది గ్రాముల బరువు, అట్ట మొసలి దవడకి అది చాలు. ఇక కావలసింది ఆ పల్సులు పంపే బోర్డు ఒక్కటే. ఏనుగు కాలు మొసలి నోట్లో ఉండగా కథ అక్కడ ఆగింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

మొదట ఆయన లెక్క సబబుగానే ఉండేది. మొసలి దవడకి ఒకటి, తోకకి ఒకటి, తొండానికి రెండు, రెక్కలకి రెండు, ఒక్కో సర్వోకి బోర్డు మీద ఒక్కో ఛానెలు, మొత్తం ఆరు ఛానెళ్లు. తర్వాత ఏనుగు చెవులు ఊగకపోతే జీవం రాదన్నాడు. ఎనిమిది. ఏడ్చే ఏనుగు కనురెప్పలు ఆర్పకపోతే ఎలా? పది. ఒడ్డున ఆడ ఏనుగులు కూడా ఉంటాయి కదా, వాటి తలలు కదలొద్దా? పదహారు దాటింది. "ఎందుకైనా మంచిది" అన్న మాట ఆయన నోట వచ్చిందంటే ఇంకో ఎనిమిది ఛానెళ్లు చేరాయని లెక్క. ఇంతా చేసి అప్పటికి ఇంట్లో ఉన్నవి రెండు సర్వోలు, ఒక అట్టపెట్టె.

బోర్డుల కంపారిటివ్ స్టేట్‌మెంటు ల్యాప్‌టాప్‌లో ఉంటుంది. ఎవరెళ్లినా మంచినీళ్ల కంటే ముందు అదే చూపిస్తాడు. మొదటి గడిలో ఆర్డువినో యూనో బోర్డు: దాని సర్వో లైబ్రరీతో 12 సర్వోల దాకా ఆడించవచ్చు గానీ 9, 10 పిన్నుల మీద దీపాలు మసక చేసే సౌకర్యం పోతుంది. రెండో గడిలో పీసీఏ9685 బోర్డు: 16 ఛానెళ్లు, యూనోకీ దానికీ మధ్య సిగ్నలుకి రెండే తీగలు, చౌక, ఒకదాని వెనక ఒకటి తగిలించుకుంటూ 62 బోర్డుల దాకా పోవచ్చు. (ఆ 62ని ఎర్ర రంగులో పెట్టాడు. 62 ఇంటూ 16 ఎంతో నన్ను నోటిలెక్కగా చెప్పమన్నాడు.) మూడో గడిలో పొలోలు కంపెనీ మాయెస్ట్రో: 6, 12, 18, 24 ఛానెళ్లలో దొరుకుతుంది, ఏ సర్వో ఎంత వేగంగా కదలాలో, ఎంత నెమ్మదిగా ఆ వేగం అందుకోవాలో విడివిడిగా చెప్పవచ్చు, ఆట మొత్తం తన కడుపులోనే దాచుకుని కంప్యూటరు లేకుండా ఆడిస్తుంది, కానీ ధర వేలల్లో. చివరి గడి పేరు రిమార్కులు. అన్ని వరసల్లోనూ ఒకటే రిమార్కు: 'పరిశీలనలో ఉన్నది.'

"పెళ్లిచూపుల్లో నన్ను కాఫీ చల్లారేలోపు సరేనన్న మనిషి ఈయనే" అంటుంది పిన్ని, ఆ ల్యాప్‌టాప్ పక్కనించి చిక్కుడుకాయల పళ్లెం తీసుకుపోతూ.

పోతనగారి విష్ణుమూర్తి ఏనుగు మొర వినగానే లక్ష్మీదేవితో మాటైనా చెప్పకుండా, చేతిలోకి శంఖచక్రాలైనా తీసుకోకుండా ఉన్నపళాన పరుగెత్తాడు. బాబాయి విష్ణుమూర్తి డేటాషీటు చదవందే కదలడు. దసరా దగ్గరపడే కొద్దీ బాబాయి ముఖం వాడిపోతుంది. అట్లతద్ది వెళ్లేసరికి తేరుకుని, "దసరాకి కాకపోతే ఏం, కోస్తావాళ్లు సంక్రాంతికి పెడతారుగా కొలువు" అంటాడు. గడువు పొడిగింపులు ఇచ్చి ఇచ్చి అలవాటైన ప్రాణం.

ఆ బొమ్మలు కదలగా నేను చూశాను. భోజనాల బల్ల మీద అట్ట మొసలి, థర్మకోల్ ఏనుగు, నీలంరంగు యూనో బోర్డు. మొసలి దవడ సర్వోని నేరుగా యూనో ఐదు వోల్టుల పిన్నుకే తగిలించాడు. దవడ టిక్కుమని తెరుచుకుంది, మూసుకుంది. పిన్ని వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చి చూసి మెచ్చుకుంది కూడా. ఇక్కడ ఆపేసి ఉంటే ఆ ఏడాది పేరంటానికి మొసలైనా దక్కేది. తొండం సర్వో కూడా తగిలించాడు. రెండూ ఒక్కసారి కదలబోయేసరికి మొసలి ఎగిరిపడింది, బోర్డు మీద దీపం ఆరి వెలిగింది, దవడ సగంలోకి వచ్చి కొట్టుకుంది, మళ్లీ ఎగిరిపడింది, మళ్లీ కొట్టుకుంది. "దానికేమన్నా మూర్ఛ రోగమా అండీ?" అంది పిన్ని. బాబాయి ముఖం మాత్రం వెలిగిపోయింది. "బ్రౌనౌట్!" అన్నాడు, లాటరీ నంబరు చదివినట్టు. కదలబోయేటప్పుడు ఒక్కో సర్వో ఒక్కసారిగా లాగే కరెంటు అర ఆంపియరు దాటిపోవచ్చు. యూఎస్‌బీ తీగలోంచి యూనోకి అందేది మొత్తం కలిపి అంతే. వోల్టేజి పడిపోగానే బోర్డు స్పృహ తప్పి, లేచి, మళ్లీ మొదటినుంచి మొదలుపెడుతుంది. బొమ్మ ఆగిపోయిందన్న బాధ ఆయనకి లేదు. స్టేట్‌మెంటులో 'పవర్ సప్లై' అనే కొత్త గడి పుట్టిన సంతోషం.

ఆ గడి నింపడానికే ఒక ఆదివారం మా ఇంటికి వచ్చాడు. "నీ పాత కంప్యూటరు వాడుతున్నావుట్రా?" అన్నాడు. "అప్పుడప్పుడు, బాబాయ్" అన్నాను. నేను టీ పట్టుకొచ్చేలోపు దాని పక్కరేకు విప్పి, అందులోని పవర్ సప్లై, అదే ఎస్‌ఎంపీఎస్, ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. "చూడు, ఈ పచ్చతీగని ఏ నల్లతీగకి కలిపినా మదర్‌బోర్డు లేకుండానే ఆన్ అవుతుంది. ఎర్రతీగల్లో ఐదు వోల్టులు. ఎన్ని ఆంపియర్లో లేబులు మీద చదువు. దీనిముందు ఇరవై సర్వోలు ఒక లెక్కా?" అన్నాడు. లేబులు చదివాను. ఎస్‌ఎంపీఎస్ ఆయనతో వెళ్లింది. మా పాత కంప్యూటరు అప్పటినుంచి ఖాళీ డబ్బాగా బల్ల కింద ఉంది. ఈ వ్యాసానికీ దానికీ ఏ సంబంధమూ లేదని నేను అనను.

కరెంటు సమస్య తీరింది. తీరితే ఆయనకి నిద్రపట్టదు. వెంటనే విష్ణుచక్రం కోసం 24 దీపాల గుండ్రటి ఎల్‌ఈడీ రింగు తెచ్చి అదే యూనోకి తగిలించాడు. చక్రం రంగులు మార్చుకుంటూ భేషుగ్గా తిరిగింది. మొసలికి, ఏనుగుకి మాత్రం వణుకు పుట్టింది. విష్ణుమూర్తిని చూసి మొసలి వణకడం న్యాయమే, ఏనుగెందుకు వణకాలి అన్నాను. కారణం నిజంగా ముచ్చటైనది. ఆ రింగులోని డబ్ల్యూఎస్2812 దీపాలకి డేటా సెకనుకి ఎనిమిది లక్షల బిట్ల వేగంతో, మధ్యలో తొట్రుపడకుండా వెళ్లాలి. అందుకని ఆ కాసేపు యూనో మిగతా పనులన్నిటికీ చెవులు మూసుకుంటుంది. ఒక్కో దీపానికి 30 మైక్రోసెకన్లు, 24 దీపాలకి ముప్పాతిక మిల్లీసెకను. సర్వోకి పంపే పల్సే ఒకటి రెండు మిల్లీసెకన్లు. దాన్ని ఎప్పుడు ఆపాలో చెప్పేవాడు అంతసేపు చెవులు మూసుకుంటే వణకక ఏం చేస్తుంది?

సర్వోలని పీసీఏ9685 బోర్డుకి అప్పగిస్తే ఈ తంటా లేదు, పల్సులు ఆ చిప్పే సొంతంగా పంపుకుంటుంది. బాబాయికి తెలుసు. నాకు చెప్పింది ఆయనే. అయితే డేటాషీటు తిరగేస్తుంటే ఇంకో సంగతి బయటపడింది. ఆ చిప్పుని తయారుచేసింది ఎల్‌ఈడీలు మసక చెయ్యడానికట, సర్వోలాడించడం మనవాళ్లు కనిపెట్టిన పక్క ఉపయోగమట. పైగా 16 ఛానెళ్లకీ కలిపి ఒకటే ఫ్రీక్వెన్సీ. సర్వోల కోసం 50 దగ్గర పెడితే మడుగు చుట్టూ మామూలు ఎల్‌ఈడీలు మిణుకుమిణుకుమంటాయి. దీపాల కోసం పెంచితే సర్వోలు తికమకపడతాయి. "అయితే రెండు బోర్డులు తీసుకోండి" అంది పిన్ని. సరైన సమాధానం అదే. బాబాయి దాన్ని పట్టించుకోకుండా, సర్వోలకొకటి దీపాలకొకటి, రెండు స్టేట్‌మెంట్లు మొదలుపెట్టాడు. ఒక రాత్రి వాళ్లింట్లో ఉండిపోయి, నిద్రపట్టక ఆ రెండో స్టేట్‌మెంటు తెరిచాను. రెండింటిదాకా చదివాను. బాగా రాశాడు.

కోఠీ గుజరాతీ గల్లీలో ఆయన్ని ఎరగని విడిభాగాల దుకాణం లేదు. "ఏది కావాలి సార్?" అంటే "ఏది వద్దో తేల్చుకుందామని వచ్చాను" అంటాడు. బోర్డు వెనక్కి తిప్పి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, కెపాసిటరు పెట్టడానికి చోటు వదిలారా లేదా, సప్లై తీగలు తిరగేసి పెడితే కాలిపోకుండా రక్షణ ఉందా లేదా చూస్తాడు. చివరికి పది జంపరు తీగలు కొనుక్కుని వస్తాడు. జంపరు తీగలకి కొటేషను అక్కర్లేదు.

వినాయక చవితికి మా కాలనీ మండపంలో ఎలక్ట్రీషియన్ ఒకతను మట్టి గణపతి పక్కన చెయ్యెత్తి దీవించే రుషి బొమ్మ పెట్టాడు. బొమ్మ వెనక పాత కారు వైపరు మోటారు, ఒక ఇనుప కడ్డీ, పన్నెండు వోల్టుల బ్యాటరీ. తొమ్మిది రోజులూ రుషి అలుపు లేకుండా దీవించాడు. బాబాయి బొమ్మ వెనక్కి దూరి చూసి పెదవి విరిచాడు. "దీనికి పొజిషన్ కంట్రోల్ లేదు కదయ్యా?"

"దీవెనకి పొజిషన్ ఏంది సార్? పైకి పోతది, కిందికి వస్తది."

బాబాయి ఇంటిదాకా మాట్లాడలేదు.

ఇంత చెప్పాక ఇదీ చెప్పాలి. ఇంకొకరి పనయితే ఆయన వేరే మనిషి. పక్కింటి ఇంజినీరింగు కుర్రాడు ప్రాజెక్టులో రోబో చెయ్యి చేస్తూ ఏ బోర్డు కొనాలని గుమ్మంలోంచి అడిగితే, బాబాయి కుర్చీలోంచి లేవకుండా తేల్చేశాడు. "నీవి ఐదు సర్వోలేగా? పదహారు ఛానెళ్ల బోర్డు కొనుక్కో. సర్వోలకి వేరే సప్లై పెట్టు, యూనో నుంచి లాగకు. రెండిటి గ్రౌండ్లూ కలపడం మర్చిపోకు. సప్లై దగ్గర వెయ్యి మైక్రోఫారడ్ కెపాసిటరు ఒకటి వెయ్యి. పో." కుర్రాడి చెయ్యి వారంలో కదిలింది. వాడు స్వీట్లు తెచ్చిన రోజున బాబాయి కళ్లలో చూసినంత సంతోషం ఆయన రిటైర్మెంటు సభలో కూడా నేను చూడలేదు.

టెక్సాస్‌లో ఉన్న మా తమ్ముడు, అంటే బాబాయి కొడుకు, ఇదంతా ఫోన్లో విని విని విసిగిపోయి పోయిన సెలవుల్లో వస్తూ 24 ఛానెళ్ల మాయెస్ట్రో కొనుక్కొచ్చాడు. సంతకం పెట్టే పై అధికారి ఇన్నాళ్లకి దొరికాడని నేను సంబరపడ్డాను. బాబాయి డబ్బా అటూ ఇటూ తిప్పి, "వాడికి తెలియక తొందరపడ్డాడ్రా. లింక్స్‌మోషన్‌వాళ్లది 32 ఛానెళ్లది ఉంది" అన్నాడు.

కాబట్టి పాఠకులకి మనవి. 24 ఛానెళ్ల సర్వో బోర్డు ఒకటి అమ్మకానికి ఉంది. సీలు కూడా విప్పలేదు. కావలసినవాళ్లు మా పిన్నితో మాట్లాడుకోండి. పొరపాటున ఫోను బాబాయి ఎత్తితే ఇంకో రెండు కొటేషన్లు తెమ్మంటాడు.